తెరుస్తారా, తెరుచుకుంటుందా? ఇంగ్లీషులో ప్రెజెంట్ సింపుల్, ఫ్యూచర్ పాసివ్ మధ్య ఎంపిక

వేసవి సెలవుల తర్వాత బడి మొదలయ్యే తేదీని ఇంగ్లీషులో రాయాలంటే రెండు వాక్యాలు తోస్తాయి. ఒకటి "ద స్కూల్ రీఓపెన్స్ ఆన్ జూన్ 12". రెండోది "ద స్కూల్ విల్ బి రీఓపెన్డ్ ఆన్ జూన్ 12". మొదటిది ప్రెజెంట్ సింపుల్, రెండోది ఫ్యూచర్ పాసివ్. గ్రామర్ ప్రకారం రెండూ సరైనవే. బడి ఒకటే, తేదీ ఒకటే. అయినా ఇంగ్లీషు బాగా అలవాటైనవాళ్లు ఈ రెంటినీ ఒకేలా చదవరు. మొదటిది చదివితే క్యాలెండర్ ప్రకారం సెలవులు అయిపోయి బడి మొదలవుతోందని అర్థమవుతుంది. రెండోది చదివితే, వరద వల్లో అంటువ్యాధి వల్లో మూసేసిన బడిని ఎవరో నిర్ణయం తీసుకుని మళ్లీ తెరుస్తున్నారని అనిపిస్తుంది.

ఈ ఎంపిక దగ్గర మనవాళ్లు తడబడడానికి ఒక కారణం పాఠాలు చెప్పే తీరులోనే ఉంది. టెన్స్ ఒక చాప్టర్, వాయిస్ ఇంకో చాప్టర్. టెన్స్ చాప్టర్లో ప్రెజెంట్ సింపుల్‌ను ఫ్యూచర్ సింపుల్ పక్కన పెట్టి చూపిస్తారు. వాయిస్ చాప్టర్లో యాక్టివ్ వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చమంటారు, టెన్స్ మాత్రం మారకూడదంటారు. ప్రెజెంట్ సింపుల్ యాక్టివ్‌కూ ఫ్యూచర్ పాసివ్‌కూ మధ్య టెన్సూ మారుతుంది, వాయిసూ మారుతుంది. కాబట్టి ఆ రెండూ ఏ చాప్టర్లోనూ ఎదురుపడవు. నోటీసు రాసేటప్పుడు, ఆఫీసులో మెయిల్ పంపేటప్పుడు తేల్చుకోవాల్సింది మాత్రం చాలాసార్లు ఈ రెంటి మధ్యనే.

రేపటి సంగతి కదా, విల్ పెట్టాల్సిందే అనుకోవడం మొదటి చిక్కు. ఇంగ్లీషు క్రియకు భూతకాలం కోసం "ఎడ్" లాంటి ప్రత్యయం ఉంది గానీ, భవిష్యత్తు కోసం ప్రత్యయం అంటూ ఏదీ లేదు. ఇంగ్లీషులో అసలు ఫ్యూచర్ టెన్సే లేదని డెన్మార్క్ వ్యాకరణవేత్త ఓటో యెస్పర్సన్ వాదించాడు. నేటి భాషావేత్తల్లోనూ చాలామందిది అదే మాట. విల్ అన్న సహాయక క్రియకు పాత అర్థం కోరుకోవడం. షల్‌కు పాత అర్థం బాకీ పడడం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో రేపటి పనినీ సాధారణంగా వర్తమాన రూపంతోనే చెప్పేవారు. కాబట్టి రేపటి గురించి ప్రెజెంట్ సింపుల్‌లో మాట్లాడడం ఈమధ్య వచ్చిన అలవాటు కాదు, ఆ భాషకు మొదటినుంచీ ఉన్న గుణం.

మరి విల్ ఎప్పుడు, ప్రెజెంట్ ఎప్పుడు? పంచాంగంలో రాసిపెట్టి ఉన్నదానికీ వాతావరణ శాఖ చెప్పేదానికీ ఉన్న తేడా చూస్తే చాలావరకు తేలిపోతుంది. "ద సన్ రైజెస్ ఎట్ 5:52 టుమారో" అనొచ్చు. "ఇట్ రెయిన్స్ టుమారో" అనకూడదు, "ఇట్ విల్ రెయిన్ టుమారో" అనాలి. సూర్యోదయ సమయం ఇప్పటికే ఖాయమై ఉంది, వాన ఖాయం కాలేదు. రైలు టైమ్‌టేబుల్, కాలేజీ అకడమిక్ క్యాలెండర్, టీవీ కార్యక్రమాల పట్టిక అన్నీ పంచాంగం వైపువే. అందుకే "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్", "ద సెమిస్టర్ బిగిన్స్ ఆన్ మండే" అంటారు. ప్రెజెంట్ సింపుల్ చెప్పేది రేపటి ఘటనను కాదు, ఇవాళ అమల్లో ఉన్న ఏర్పాటును.

తెలుగు క్రియ ఈ తేడాను పైకి చూపించదు. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్న వాక్యాన్ని మన వ్యాకరణం తద్ధర్మం అంటుంది, అంటే స్వభావాన్ని, ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పేది. "రేపు మామయ్య వస్తాడు" అన్నది భవిష్యత్తు. నేటి తెలుగులో రెంటికీ రూపం ఒకటే. "బస్సు ఆరింటికి బయలుదేరుతుంది" అంటే రోజూ బయలుదేరుతుందనా, రేపు బయలుదేరుతుందనా అన్నది పక్క మాటల్ని బట్టి తెలుస్తుంది. మనకు ఇబ్బంది లేదు. ఇంగ్లీషులోకి వెళ్లగానే మాత్రం ఒక రూపాన్ని రెండుగా విడదీయాల్సి వస్తుంది. అలా విడదీయడం తెలుగు మనకు నేర్పలేదు.

అయితే ఈ ఎంపికలో రెండో సగం, అంటే యాక్టివా పాసివా అన్న సగం, తెలుగువాళ్లకు తేలికగా అందాలి. ఎందుకంటే ఆ తేడాను మన క్రియలు ఇంగ్లీషు కన్నా స్పష్టంగా చూపిస్తాయి. తలుపు తెరుచుకుంటుంది, తలుపు తెరుస్తారు. క్లాసు మొదలవుతుంది, క్లాసు మొదలుపెడతారు. మీటింగు ముగుస్తుంది, ముగిస్తారు. రూలు మారుతుంది, మారుస్తారు. ప్రతి జంటలోనూ మొదటిది తనంతట తాను జరిగేది, రెండోది ఒకరు చేసేది. ఇంగ్లీషులో ఓపెన్, స్టార్ట్, ఎండ్, చేంజ్ ఈ రెండు పనులకూ వాడుకునే క్రియలు. "ద షాప్ ఓపెన్స్ ఎట్ టెన్" అనొచ్చు, "ద మేనేజర్ ఓపెన్స్ ద షాప్" అనీ అనొచ్చు. ఇలాంటి క్రియ దొరికినప్పుడే ప్రెజెంట్ సింపుల్ యాక్టివ్, ఫ్యూచర్ పాసివ్ రెండూ నిజంగా అందుబాటులో ఉంటాయి. మనసులో ఉన్న తెలుగు క్రియ తెరుచుకోవడమైతే "ఓపెన్స్", తెరవడమైతే "విల్ బి ఓపెన్డ్".

కొన్ని ఇంగ్లీషు క్రియలకు తనంతట తాను జరిగే అర్థం లేదు. అనౌన్స్, కండక్ట్, హోల్డ్, ఇష్యూ, డిక్లేర్ లాంటివాటికి చేసేవాడు ఉండాల్సిందే. ఫలితాలు తమను తాము ప్రకటించుకోవు. అందుకే "ద రిజల్ట్స్ అనౌన్స్ టుమారో", "ద రిజల్ట్స్ విల్ అనౌన్స్ టుమారో" రెండూ తప్పే. "ద రిజల్ట్స్ విల్ బి అనౌన్స్డ్ టుమారో" అనాలి. ఇక్కడ ప్రెజెంట్ సింపుల్ యాక్టివ్‌కు చోటే లేదు.

ఈ తప్పు మన దగ్గర ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూడాలి. తెలుగులో పరీక్ష జరుగుతుంది. జరగడం మనకు చాలా మామూలు క్రియ. పెళ్లి జరుగుతుంది, ఎన్నికలు జరుగుతాయి, గొడవ జరుగుతుంది. ఇన్ని చోట్ల సరిపోయే ఒకే ఒక తేలికైన క్రియ ఇంగ్లీషులో లేదు. "హ్యాపెన్" ఉంది గానీ అది ఎక్కువగా అనుకోకుండా జరిగేవాటికి. "టేక్ ప్లేస్" ఉంది, అది నోటికి అంత త్వరగా రాదు. దాంతో చేతికి అందిన "కండక్ట్" తీసుకుని జరగడం స్థానంలో పెట్టేస్తారు. "ద ఎగ్జామ్ విల్ కండక్ట్ ఆన్ మండే" అన్న వాక్యం అలా తయారవుతుంది. రాసినవాళ్ల మనసులో ఉన్నది జరుగుతుంది, కాగితం మీద పడింది నిర్వహిస్తుంది. పరీక్ష, పెళ్లి, ఎన్నికల లాంటివాటికి జరుగుతుంది అనిపించిన ప్రతిచోటా "ఈజ్ హెల్డ్", "విల్ బి హెల్డ్", "టేక్స్ ప్లేస్" ఈ మూడింటిలో ఒకటి పెట్టడం అలవాటు చేసుకుంటే ఈ తప్పు చాలావరకు పోతుంది. రిలీజ్ అన్న క్రియ మాత్రం మధ్యలో ఉంది. "ద ఫిల్మ్ రిలీజెస్ ఆన్ ఫ్రైడే" అని సినిమావాళ్ల ఇంగ్లీషులో ధారాళంగా వాడుతున్నారు, దాన్ని తప్పనాల్సిన పని లేదు.

రెండు రకాల గేట్లను పోల్చి చూద్దాం. నాగార్జునసాగర్ డ్యాంకు పైభాగంలో 26 క్రెస్ట్ గేట్లున్నాయి. ఎగువన కృష్ణకు వరద వస్తే నీటిమట్టం, ఇన్‌ఫ్లో చూసి ఇంజినీర్లు గేట్లు ఎత్తుతారు. ఆ వార్తను ఇంగ్లీషులో రాస్తే "ద గేట్స్ విల్ బి లిఫ్టెడ్ టుమారో" అవుతుంది. ఊళ్లోని పార్కు గేటు గురించైతే "ద గేట్ ఓపెన్స్ ఎట్ సిక్స్". పార్కు గేటునూ ఒక వాచ్‌మనే తీస్తాడు, నిజమే. కానీ అతను తీసినా, అతని బదులు ఇంకొకరు తీసినా ఆరింటికి గేటు తెరిచి ఉంటుంది. డ్యాం గేటు విషయంలో నిర్ణయం ఇంకా మనిషి చేతిలో ఉంది. వరద తగ్గితే రేపు గేట్లు ఎత్తకపోవచ్చు కూడా. ఫ్యూచర్ పాసివ్ సరిగ్గా ఇలాంటి పనికే పుట్టింది: ఎవరో ఒకరు చేయాల్సి ఉంది, ఇంకా చేయలేదు, చేసేది ఎవరన్నది ప్రధానం కాదు.

అలాంటి వాక్యంలోనే "బై" పెట్టి చేసేవాళ్ల పేరు చెప్పాలంటే ఇక ఎంపిక లేదు. "ద బ్రిడ్జ్ విల్ బి ఓపెన్డ్ బై ద చీఫ్ మినిస్టర్ ఆన్ ఫ్రైడే" అనాల్సిందే, "ఓపెన్స్ బై" అన్న మాట కుదరదు. అదే వార్తలో తర్వాతి వాక్యం "ద బ్రిడ్జ్ ఓపెన్స్ టు ట్రాఫిక్ ఆన్ మండే" కావచ్చు. శుక్రవారం రిబ్బన్ కత్తిరించడం ఒకరు చేసే పని, సోమవారం నుంచి రాకపోకలు ఒక ఏర్పాటు. ఒకే వంతెన, పక్కపక్క వాక్యాలు, రెండు రూపాలూ సరైనవే.

ఇంతకీ పోటీ ఈ రెంటి మధ్యే అనుకుంటే సగమే చూసినట్టు. మధ్యలో మూడోది ఉంది, ఈజ్ లేదా ఆర్ పెట్టి వీ3, అంటే క్రియ మూడో రూపం, పెట్టే ప్రెజెంట్ పాసివ్. తెలుగులో పాసివ్ గుర్తు "బడు", కానీ మన వ్యవహారంలో అది పెట్టి మాట్లాడడం అరుదు. కర్తను వదిలేసి క్రియ చివర "తారు" తగిలిస్తాం. "ఇక్కడ తెలుగు మాట్లాడతారు", "రేపు ఫలితాలు ప్రకటిస్తారు" అంటాం. ఎవరు అని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో పాసివ్ చేసే పనిని తెలుగులో ఈ కర్తలేని "తారు" చేస్తుంది. అది అలవాటును చెబితే ఇంగ్లీషులో "తెలుగు ఈజ్ స్పోకెన్ హియర్". రేపటి పనిని చెబితే "ద రిజల్ట్స్ విల్ బి అనౌన్స్డ్ టుమారో". బతుకమ్మ ఆశ్వయుజంలో వస్తుందని పరిచయం చేస్తుంటే "బతుకమ్మ ఈజ్ సెలిబ్రేటెడ్ ఎవ్రీ ఇయర్" అనాలి. ఈసారి ఫలానా మైదానంలో చేస్తున్నారని చెబితే "విల్ బి సెలిబ్రేటెడ్". "ఇచ్చట పంక్చర్లు వేయబడును" అన్న బోర్డులోని "బడును" కూడా రోజూ జరిగే పనినే చెబుతోంది. దాన్ని చూసి "విల్ బి" పెడితే, పంక్చర్లు ఇంకా వేయడం మొదలుపెట్టలేదేమో అనిపిస్తుంది.

ప్రెజెంట్ పాసివ్‌కు ఇంకో పని ఉంది, అది చాలామంది దృష్టికి రాదు. ఉద్యోగ నోటిఫికేషన్ తెరవగానే "అప్లికేషన్స్ ఆర్ ఇన్వైటెడ్ ఫ్రమ్ ఎలిజిబుల్ క్యాండిడేట్స్" అని కనిపిస్తుంది. "విల్ బి ఇన్వైటెడ్" అని ఎందుకు రాయరు? ఆ వాక్యం అచ్చులోకి రావడమే ఆహ్వానించడం కాబట్టి. మాట అనడంతోనే పని అయిపోయే ఇలాంటి వాక్యాల గురించి బ్రిటన్ తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో వరుస ఉపన్యాసాలే ఇచ్చాడు. వీటిని గుర్తుపట్టడానికి తేలికైన పరీక్ష "హియర్‌బై", అంటే "ఈ మాటతోనే", అన్న మాట. అది వాక్యంలో ఇముడుతుంటే ప్రెజెంట్ పాసివ్ పెట్టాలి. "యూ ఆర్ హియర్‌బై ఇన్ఫార్మ్డ్" కుదురుతుంది. "షార్ట్‌లిస్టెడ్ క్యాండిడేట్స్ ఆర్ హియర్‌బై కాల్డ్" నోటిఫికేషన్‌లో కుదరదు, ఆ పిలుపు తర్వాతెప్పుడో రావాలి. అందుకే అదే నోటిఫికేషన్‌లో కిందికి వెళ్తే "విల్ బి కాల్డ్ ఫర్ ఇంటర్వ్యూ" అని ఉంటుంది.

ఈ తేడాకు అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ భారత రాజ్యాంగం ఇంగ్లీషు పాఠంలో ఉంది. 17వ అధికరణ ఇలా మొదలవుతుంది: "అన్‌టచబిలిటీ ఈజ్ అబాలిష్డ్ అండ్ ఇట్స్ ప్రాక్టీస్ ఇన్ ఎనీ ఫార్మ్ ఈజ్ ఫర్బిడెన్". దాని పక్కనే ఉన్న 18వ అధికరణలో, సైనిక, విద్యా సంబంధమైనవి కాని బిరుదులేవీ రాజ్యం ఇవ్వకూడదని చెప్పేచోట, క్రియ "షల్ బి కన్ఫర్డ్" అని ఉంది. ఒకటి వర్తమానం, పక్కది షల్ బి. ఇది యాదృచ్ఛికంగా పడిన తేడా అనిపించదు. అంటరానితనాన్ని ఎవరో ఎప్పుడో చట్టం చేసి రద్దు చేయాలని 17వ అధికరణ అనడం లేదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన క్షణమే, ఆ వాక్యంతోనే, అది రద్దయింది. "షల్ బి అబాలిష్డ్" అని ఉంటే ఆ పని ఇంకా మిగిలి ఉందని, ముందు ముందు ఎవరో చేయాలని చదువుకునే వీలుండేది. బిరుదుల సంగతి వేరు. బిరుదు ఇవ్వడమన్నది రేపైనా, ఎల్లుండైనా ఏ ప్రభుత్వమైనా చేయబోయే పని. అలా చేయబోయిన ప్రతిసారీ అడ్డుకోవాలి కాబట్టి ముందుకు చూసే రూపం పెట్టారు.

17వ అధికరణలోనే రెండో వాక్యం చూస్తే ఇది ఇంకా బలపడుతుంది. అంటరానితనం పేరుతో ఎవరిమీదైనా ఆంక్షలు అమలు చేస్తే అది నేరం అని చెప్పేచోట "షల్ బి యాన్ అఫెన్స్" అని ఉంది. రద్దు అయిపోయింది, నేరాలు మాత్రం ఇకముందు జరగవచ్చు. 23, 24 అధికరణలదీ ఇదే వరస. మనుషుల అక్రమ రవాణా, వెట్టిచాకిరీ "ఆర్ ప్రొహిబిటెడ్". పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో, గనిలో పెట్టుకోవద్దనేచోట "షల్ బి ఎంప్లాయ్డ్". ఇక చిట్టచివరి 395వ అధికరణ 1947 నాటి ఇండియన్ ఇండిపెండెన్స్ యాక్ట్‌నూ 1935 నాటి గవర్నమెంట్ ఆఫ్ ఇండియా యాక్ట్‌నూ "ఆర్ హియర్‌బై రిపీల్డ్" అంటూ రద్దు చేస్తుంది. హియర్‌బై అక్కడ అక్షరాలా ఉంది. చట్టంలో షల్ వట్టి భవిష్యత్తును చెప్పదు, ఆజ్ఞను చెబుతుంది. అయినా ఆజ్ఞ ఎప్పుడూ ఇక చేయాల్సినదాని గురించే ఉంటుంది. అందువల్ల ఆ రూపం, జరిగిపోయినదాన్ని చెప్పే వర్తమానం పక్కన ఇంత తేటగా విడివడి కనిపిస్తుంది.

రాజ్యాంగం నుంచి పరీక్షా కేంద్రం గేటు దగ్గరికొస్తే అక్కడా ఇదే వ్యాకరణం. "మొబైల్ ఫోన్స్ ఆర్ నాట్ అలౌడ్" అన్నది రూలు. ఇవాళా రేపూ ఎల్లుండీ ఒకటే. "క్యాండిడేట్స్ విల్ నాట్ బి అలౌడ్ ఆఫ్టర్ 9" అన్నది హెచ్చరిక. ఆలస్యంగా వస్తే గేటు దగ్గర నీకు ఏం జరుగుతుందో చెబుతోంది. కొట్టు బిల్లు కింద అచ్చయ్యే "గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్" కూడా హెచ్చరికే. రెంటినీ తారుమారు చేస్తే తప్పు కాదు, కానీ గొంతు మారుతుంది. "ఆర్ నాట్ టేకెన్ బ్యాక్" అంటే కొట్టు పద్ధతి చెప్పినట్టుంటుంది, "విల్ నాట్ బి" అంటే వచ్చి అడిగినా వెనక్కి తీసుకునేది లేదని ఎదురుగా నిలబడి చెప్పినట్టుంటుంది.

ఈ గొంతు తేడా డబ్బు వ్యవహారాల్లో బాగా పట్టించుకోవాలి. ఆన్‌లైన్లో కొన్న వస్తువు వాపసు పంపాక కస్టమర్ కేర్ నుంచి వచ్చే జవాబు రెండు రకాలుగా ఉండొచ్చు. "రీఫండ్స్ ఆర్ క్రెడిటెడ్ వితిన్ 7 వర్కింగ్ డేస్" అంటే అది సాధారణ పద్ధతి, మీ డబ్బు గురించి అందులో ఒక్క ముక్కా లేదు. "యువర్ రీఫండ్ విల్ బి క్రెడిటెడ్ బై ఫ్రైడే" అంటే మీకు, మీ డబ్బు గురించి, తేదీతో సహా ఇచ్చిన మాట. మొదటి రకం జవాబు వస్తే రెండో రకం వాక్యం రాసి పంపమని అడగడం మంచిది. ఫ్యూచర్ పాసివ్‌కు ఒక బలహీనత కూడా ఉంది. చేసేవాడిని దాచేయడం దానికి చాలా తేలిక. "నెసెసరీ యాక్షన్ విల్ బి టేకెన్" అన్న వాక్యంలో ఎవరు, ఎప్పుడు అన్న రెండూ లేవు. ఫిర్యాదు పెట్టుకున్న మనిషికి ఈ వాక్యం వల్ల తెలిసేదేమీ ఉండదు. "ద ఇంజినీర్ విల్ ఇన్‌స్పెక్ట్ ద రోడ్ ఆన్ ట్యూస్‌డే" అని రాయగలిగిన చోట పాసివ్ వెనక దాక్కోవడం పౌరుడికి చేసే అన్యాయమే.

ఇక ఒక్క వాక్యంలో రెండు పనులు వచ్చినప్పటి సంగతి. తప్పులు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. "వెన్ ద రిజల్ట్స్ విల్ బి అనౌన్స్డ్, వుయ్ విల్ ఇన్ఫార్మ్ యూ", "ఇఫ్ ద ఫీ విల్ నాట్ బి పెయిడ్, ద అప్లికేషన్ విల్ బి రిజెక్టెడ్" లాంటి వాక్యాలు ఆఫీసు మెయిళ్లలో, కాలేజీ సర్క్యులర్లలో తరచూ కనిపిస్తాయి. సంగతి రేపటిదే అయినా ఇఫ్, వెన్, అంటిల్, వన్స్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్ లాంటి మాటలతో మొదలయ్యే భాగంలో విల్ రాదు, వర్తమానమే రావాలి. "వెన్ ద రిజల్ట్స్ ఆర్ అనౌన్స్డ్", "ఇఫ్ ద ఫీ ఈజ్ నాట్ పెయిడ్" అనాలి. విల్ ప్రధాన వాక్యంలో ఒక్కసారి వస్తే చాలు, కాలం తెలిసిపోతుంది.

తెలుగువాళ్లు ఈ తప్పు చేయడం ఆశ్చర్యమే. ఎందుకంటే ఈ విషయంలో మన భాష ఇంగ్లీషు పక్షానే ఉంది. "ఫలితాలు ప్రకటించగానే చెబుతాం", "ఫలితాలు ప్రకటిస్తే చెబుతాం", "ప్రకటించేదాకా ఆగండి", "ప్రకటించాక రండి" అంటాం. ప్రకటించగానే, ప్రకటిస్తే, ప్రకటించేదాకా, ప్రకటించాక, వీటిలో దేనిలోనూ భవిష్యత్తు గుర్తు లేదు. "ప్రకటించాక" అయితే చూడ్డానికి అయిపోయినట్టే ఉంటుంది. కాలమంతా చివరి క్రియ మీదే, "చెబుతాం" మీదే ఉంది. హిందీలో అలా కాదు, "జబ్ రిజల్ట్ ఆయేగా" అంటూ మొదటి భాగంలోనూ భవిష్యత్తు పెడతారు. కాబట్టి తెలుగు ఇచ్చే ఆధారాన్నే పట్టుకుంటే సరిపోతుంది. తెలుగులో క్రియ చివర గానే, తే, దాకా, ఆక, నప్పుడు వస్తే ఇంగ్లీషులో ఆ భాగానికి విల్ అక్కర్లేదు.

ఇదే ఆధారం ఇంకో చిక్కునూ విప్పుతుంది. "ఐ డోంట్ నో వెన్ ద రిజల్ట్స్ విల్ బి అనౌన్స్డ్" అన్న వాక్యంలో వెన్ తర్వాత విల్ ఉంది, అయినా అది సరైనదే. రూలు బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. తెలుగులో అనుకుంటే సందేహం ఉండదు. "ఫలితాలు ఎప్పుడు ప్రకటిస్తారో తెలియదు". ఇక్కడ వెన్ అంటే "ఎప్పుడు" అన్న ప్రశ్న, "ప్రకటించినప్పుడు" కాదు. క్రియ కూడా "ప్రకటిస్తారో" అని భవిష్యత్తులోనే ఉంది. తెలుగు క్రియలో "తారో, తుందో" వినిపిస్తే విల్ పెట్టాలి, "నప్పుడు, గానే" వినిపిస్తే వర్తమానం పెట్టాలి. ఇఫ్ విషయంలోనూ ఇంతే. "ఐ డోంట్ నో ఇఫ్ ద మ్యాచ్ విల్ బి ప్లేయ్డ్" అంటే ఆడతారో లేదో. "ఇఫ్ ద మ్యాచ్ ఈజ్ ప్లేయ్డ్" అంటే ఆడితే.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న తెలుగువాళ్లకు ఈ సమస్య రోజూ ఎదురయ్యేది డాక్యుమెంట్లు రాసేటప్పుడు. "వెన్ ద యూజర్ క్లిక్స్ సబ్మిట్, యాన్ ఓటీపీ విల్ బి సెంట్" అనాలా, "యాన్ ఓటీపీ ఈజ్ సెంట్" అనాలా? డెవలపర్ల కోసం గూగుల్ పెట్టుకున్న రచనా నియమాలు వీలైనంతవరకు వర్తమానంలోనే రాయమంటాయి, పాసివ్ కన్నా యాక్టివ్‌కే మొగ్గు చూపుతాయి. మైక్రోసాఫ్ట్ నియమాలదీ అదే దారి. ఇందులో అర్థముంది. బటన్ నొక్కిన ప్రతిసారీ ఓటీపీ వెళ్తుంది, అది ప్రోగ్రాం స్వభావం, మన వ్యాకరణం మాటలో తద్ధర్మం. "ద సర్వర్ సెండ్స్ యాన్ ఓటీపీ" అంటే ఇంకా మంచిది, పంపేది ఎవరో కూడా తెలుస్తుంది. విల్‌ను దాచుకోవాల్సింది ఇంకా తయారు కాని వాటికి. "దిస్ ఫీచర్ విల్ బి రిమూవ్డ్ ఇన్ ద నెక్స్ట్ వెర్షన్" అన్నచోట ఫ్యూచర్ పాసివ్ చక్కగా ఒదుగుతుంది. డాక్యుమెంట్ నిండా విల్ చల్లేస్తే, ఇప్పుడు పనిచేస్తున్న ఫీచర్ ఏదో, రాబోయేది ఏదో చదివేవాళ్లకు విడిగా కనిపించదు.

పరిశోధక విద్యార్థులది దీనికి తిరగబడ్డ సమస్య. పీహెచ్‌డీలో చేరేటప్పుడు ఇచ్చే సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రణాళికలో, ఇంకా చేయని పనుల గురించి రాస్తారు కాబట్టి "ద శాంపిల్స్ విల్ బి కలెక్టెడ్", "ద డేటా విల్ బి అనలైజ్డ్" అన్నవి అక్కడ సరైన రూపాలే. మూడు నాలుగేళ్ల తర్వాత అదే మెథడాలజీ పేజీలను థీసిస్‌లోకి ఎత్తి పెట్టినప్పుడు విల్ బి అలాగే మిగిలిపోతుంది. చేసేసిన పనిని చేయబోతున్నట్టు చదవాల్సి వస్తుంది. అక్కడ ఉండాల్సింది "వర్ కలెక్టెడ్". ఏ ల్యాబులోనైనా, ఎవరు చేసినా ఒకే తీరున సాగే ప్రయోగ విధానాన్ని వివరించే భాగంలో మాత్రం "ద సొల్యూషన్ ఈజ్ హీటెడ్" అని వర్తమానమే ఉండాలి. ఒకే అధ్యాయంలో ఈ రెండూ పక్కపక్కన రావచ్చు. థీసిస్ అప్పగించే ముందు ఫైల్‌లో "విల్ బి" అని సెర్చ్ కొట్టి, దొరికిన ప్రతిదాని దగ్గరా ఆగి, ఈ పని ఇంకా మిగిలి ఉందా అని చూసుకుంటే అరపూటలో తేలిపోయే పని ఇది. చివరి అధ్యాయంలో ఇకముందు చేయాల్సిన పరిశోధన గురించి రాసిన వాక్యాల్లో మాత్రం "విల్ బి"ని కదిలించకూడదు.